మూడో డెక్కు మీద చెక్కపెట్టె

ఈ ఓడలో వడ్రంగిని నేను. బార్తొల్ అంటారు.
ఊడిన తలుపు బందులు, ఇరుక్కున్న సొరుగులు,
పెళ్లిరోజు జంటలు విరగ్గొట్టిన మంచాలు,
నవ్వకండి, నెలకి రెండైనా ఉంటాయి,
ఇదీ నా పని.

లీత్ రేవులో ఓ చీటీ వచ్చింది:
నాలుగడుగుల పెట్టె. అంచు జానెడు.
లోపల రంపపు పొట్టు వద్దు, తురుము పొయ్యాలి.
మూడో డెక్కు వెనక, గాలి తగలని మూల.
కుక్క కోసం.

కుక్కకి మరుగుదొడ్డి!
కోర్చులాలో పడవలు కట్టిన మా నాన్న వింటే
ఉలి నా మీదకే విసిరేవాడు.
అయినా మూలలు మేకు లేకుండా కొరికించాను.
ఎవరో చూస్తారని కాదు,
చేతికి అలవాటు.

కుక్క పేరు టాంగిల్. నల్ల లాబ్రడార్.
ఓర్క్నీ దీవుల్లో ఒడ్డుకి కొట్టుకొచ్చే నాచు పేరట.
ఆవిడ ఇష్‌బెల్ రెన్నీ. ముప్పయ్యోయేట చూపు పోయింది,
ఇప్పుడు అరవై రెండు.
ఆవిడ కాగితాలకన్నా కుక్క కాగితాలే బరువు:
టీకా చీటీ, నులిపురుగుల మందు మింగిన గంట,
దాని మీద డాక్టరు ముద్ర, ముద్ర మీద ఇంకో ముద్ర.

ఎక్కిన రాత్రే చూశాను.
కిక్కిరిసిన భోజనశాలలో ఆవిడని
సూదిబెజ్జంలోంచి దారంలా లాక్కుపోయింది.
మెట్టు ముందు ఆగుతుంది,
ఆవిడ కాలు అంచు తడిమాకే కదులుతుంది.
బల్ల కింద చేపముక్క జారిపడ్డా
ముక్కు కదపదు.

అన్నీ తెలిసిన ఆ కుక్క
నా పెట్టె మాత్రం ఎక్కనంది.

పన్నెండు గంటలు. పద్దెనిమిది.
సముద్రం మమ్మల్ని చేటలో బియ్యంలా చెరుగుతోంది.
వానకోటు తొడుక్కుని ఇష్‌బెల్
"కానీ తల్లీ, కానీ" అంటుంది.
ముందుకాళ్లు పెడుతుంది. నేల ఒరుగుతుంది. తీసేస్తుంది.
ఆవిడ మొహంలోకి చూస్తుంది,
తప్పెవరిదో చెప్పమన్నట్టు.

ఇరవై నాలుగు.
కబురు ఓడంతా పాకింది.
వంటవాడు రోడెల్ గంజి వారుస్తూ వారుస్తూ వచ్చి
"పోసిందా?"
ఇంజను గదిలోంచి ఫోను, "పోసిందా?"
కెప్టెన్ అంతటివాడు గొంతు సవరించుకుని
"ఏమైనా... పురోగతి?"
తురుము మార్చాను. అంచు కోసి తగ్గించాను.
నువ్వే ముందు చేసి చూపించరాదూ, అన్నాడు రెండో మేటు.
వాడితో ఇప్పటికీ మాటల్లేవు.

ముప్పయ్యారో గంటకి ఐస్‌లాండ్ రేవు.
బయటి కుక్కలు అక్కడ కాలు పెట్టకూడదు,
చూపులేనివాళ్ల కుక్కలైనా సరే.
ఇష్‌బెల్ దిగలేదు.
దానికి లేని నేల నాకెందుకు, అనలేదు,
అంత నాటకం మనిషి కాదు.
"ఎవరి మోచెయ్యో పట్టుకు వేలాడ్డం చిరాకు" అంది.

జనం దిగిపోయారు. ఇంజను ఆగింది.
ఖాళీ ఓడ ఎంత మాట్లాడుతుందో అప్పుడే విన్నాను.
తాళ్లు మూలుగుతాయి, గొలుసు గొణుగుతుంది.

"ఎదురుగా ఏముంది?"
నలభైసార్లు వచ్చిన రేవు. నోరు పెగల్లేదు.
"కొండ" అన్నాను.
ఆవిడ ఇంకా వింటోంది.
"నల్లది. పైన మంచు. మంచు ఎలా అంటే..."
నాకొచ్చిన భాష ఒక్కటే.
"చిత్రిక పడితే లేచే తురుములా. పొరలు పొరలుగా, చుట్టలు చుట్టుకుని."

"ఏ చెక్క?"
"పైన్."

వంగి పెట్టెలోంచి గుప్పెడు తీసింది.
ముక్కు దగ్గర పెట్టుకుంది, చాలాసేపు.
"ఇదా?"
"అదే."
"పెద్దదే," అంది, "కొండ."

అప్పుడు,
నేల కదలడం లేదని నాలుగు పాదాలకీ నమ్మకం కుదిరాక,
టాంగిల్ ఆ కొండెక్కింది.
మూడు చుట్లు తిరిగి కూర్చుంది.
ఎంతసేపు పోసిందనీ!
ఇష్‌బెల్ తన భాషలో లెక్కపెట్టింది, నేను నా భాషలో.
వంటింటి కిటికీలోంచి ఎవరో
పళ్లెం మీద గరిటెతో వాయించారు.

సాయంత్రం పని పుస్తకంలో రాశాను:
మూడో డెక్కు. తురుము మార్చాను.
అతుకులు గట్టిగానే ఉన్నాయి.